మిడిలో గిటార్ స్ట్రమ్మింగ్ – 5వ పాఠం: ఆగని చెయ్యి

గిటార్ తీగలని పిక్‌తో వరసగా మీటడమే స్ట్రమ్మింగ్. దాన్ని మనం కంప్యూటర్‌లో మిడిగా, అంటే ఏ నోట్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పే సందేశాలుగా రాస్తున్నాం. నాలుగో పాఠం అభ్యాసానికి వచ్చిన ఫైళ్ళన్నీ విన్నాను. కార్డుల (కలిసి పలికే నోట్ల గుంపుల) ఆకారాలు దాదాపు అందరివీ సరిగ్గా ఉన్నాయి. పియానో మీద వేసినట్టు మూడు నోట్లు పక్కపక్కనే పేర్చినవాళ్ళు ఈసారి లేరు. తీగకీ తీగకీ మధ్య ఎడం కూడా పెట్టారు. అయినా ఒక్క ఫైల్లోనూ గిటార్ డ్రమ్స్‌తో కలిసి నడవలేదు, ఎనిమిది బార్లూ కాళ్ళీడ్చుకుంటూ వెనకాలే వచ్చింది. లోపం పాఠంలోనే ఉంది. ఎడం ఎంతో చెప్పి, అది గ్రిడ్ గీతకి (తెర మీద బీట్‌ని చూపే నిలువు గీతకి) ముందు ఉండాలా వెనక ఉండాలా అన్నది వదిలేశాను. అందుకే ఇవాళ చెబుతానన్న పామ్ మ్యూట్ (అరచేత్తో తీగలని అణచి మీటడం) తర్వాతి పాఠానికి జరిగింది.

అందరూ ఆరో తీగని, అంటే అన్నిటికంటే లావుదాన్ని, గీత మీద ఉంచి మిగతా అయిదింటినీ కుడివైపుకి జరిపారు. కానీ చెవి దెబ్బని ఆరో తీగ దగ్గర లెక్కపెట్టుకోదు. ‘ఝం’ అన్న పదునైన అంచు సన్న తీగల్లోనే తేలుతుంది, డ్రమ్స్‌లోని స్నేర్ దెబ్బతో కలవాల్సింది ఆ అంచు. కాబట్టి డౌన్ స్ట్రోక్ (లావు తీగల నుంచి కిందికి కొట్టే దెబ్బ) గీత కంటే ముందే మొదలవ్వాలి. నేను మూడో తీగని గీత మీద పెడతాను. రెండో తీగని పెట్టినా తప్పు లేదు, పాట కాస్త ముందుకు తోసినట్టు ఉంటుంది.

జీ మేజర్ ఓపెన్ కార్డ్ తీసుకుందాం. ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా మిడి నంబర్లు 43, 47, 50, 55, 59, 67. పేర్లు కాకుండా నంబర్లు ఇవ్వడానికి కారణం ఉంది. 60వ నోట్‌ని సంగీత సాఫ్ట్‌వేర్లలో ఏబుల్టన్ లైవ్, క్యూబేస్, లాజిక్ సీ3 అంటాయి, ఎఫ్ఎల్ స్టూడియో సీ5 అంటుంది. పేరు చూసి వేసిన ఇద్దరి ఫైళ్ళలో గిటార్ రెండు ఆక్టేవ్‌లు పైకెక్కి మాండలిన్‌లా వినిపించింది.

టెంపో 100 అనుకోండి. ఒక బీట్ 600 మిల్లీసెకన్లు. బీట్‌కి 960 టిక్‌లుండే సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్ 0.625 మిల్లీసెకన్లు. మొదటి బీట్ డౌన్ స్ట్రోక్ మొత్తం 30 మిల్లీసెకన్లలో, అంటే 48 టిక్‌లలో అయిపోవాలి. ఆ 48ని అయిదు సమాన భాగాలు చెయ్యకండి. పిక్ లావు తీగల దగ్గర కొంచెం ఆగి ఆగి దిగి, సన్న తీగల మీదుగా జారిపోతుంది. అందుకని ఎడాలు 13, 11, 10, 8, 6. మూడో తీగ గీత మీద ఉండాలంటే ఆరో తీగ గీతకి 34 టిక్‌లు ముందు, అయిదో తీగ 21 ముందు, నాలుగోది 10 ముందు. రెండో తీగ 8 వెనక, ఒకటో తీగ 14 వెనక. టెంపో మారితే టిక్‌ల లెక్కా మారుతుంది, మిల్లీసెకన్లే గుర్తుంచుకోండి. 60,000ని టెంపోతో భాగించి, వచ్చినదాన్ని బీట్‌కి ఎన్ని టిక్‌లో ఆ అంకెతో భాగిస్తే ఒక టిక్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది.

ఎఫ్ఎల్ స్టూడియో వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. అందులో మామూలుగా బీట్‌కి 96 టిక్‌లే ఉంటాయి. 100 టెంపోలో ఒక టిక్ 6.25 మిల్లీసెకన్లు, అంటే పైన చెప్పిన అయిదు ఎడాలూ ఒక్కో టిక్‌గా మారిపోతాయి. కొత్త ప్రాజెక్ట్ తెరవగానే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్‌ని 960 చేసుకోండి.

ఇంకో సంగతి. గీతకి ముందు మొదలయ్యే స్ట్రోక్‌కి చోటు కావాలి. పాటని మొదటి బార్ మొదటి బీట్‌లో మొదలుపెడితే లావు తీగలు మూడూ పెట్టడానికి చోటే ఉండదు. ఒక బార్ ఖాళీగా వదలండి. లూప్ చేసేటప్పుడూ అంతే. క్లిప్ సరిగ్గా గీత దగ్గర తెగితే రెండో చుట్టు నుంచి మొదటి దెబ్బలో బేస్ ఉండదు. నలుగురు ఇదే పొరపాటు చేసి, శాంపిల్ లైబ్రరీ (రికార్డు చేసిన గిటార్ శబ్దాల సెట్) బాగోలేదని రాశారు. లైబ్రరీలో లోపమేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. మైలాపూరు సభల్లో కచేరీ వినేటప్పుడు ముందు వరుసలో పెద్దాయన తొడ మీద ఆదితాళం వేస్తుంటారు. గాయకుడు ఊపిరి తీసుకున్నా, పల్లవి మధ్యలో ఆగినా ఆ చెయ్యి ఆగదు. గిటారిస్టు కుడిచెయ్యి కూడా అంతే. బీట్ మీద కిందికి, బీట్‌కీ బీట్‌కీ మధ్య పైకి ఊగుతూనే ఉంటుంది. కొన్నిసార్లు తీగని తాకుతుంది, కొన్నిసార్లు గాలిలో వెళ్ళిపోతుంది. మనం రాసేది తాకిన దెబ్బలే, కానీ దిశని నిర్ణయించేది తాకని దెబ్బలు.

అందరికీ తెలిసిన వరస చూడండి. ఒకటిలో డౌన్. రెండులో డౌన్, రెండున్నరలో అప్. మూడులో చెయ్యి గాలిలో దిగుతుంది. మూడున్నరలో అప్. నాలుగులో డౌన్, నాలుగున్నరలో అప్. చాలామంది మూడున్నర దగ్గర డౌన్ వేశారు, అంతకుముందు ఖాళీ వచ్చింది కాబట్టి కొత్తగా మొదలవుతుందనుకుని. ఆ చోట చెయ్యి అప్పటికే కిందికి వచ్చేసింది, పైకే వెళ్ళగలదు.

అప్ స్ట్రోక్‌లో ఆరు తీగలూ వెయ్యకండి. ఒకటి, రెండు, మూడు తీగలు చాలు, ఎప్పుడైనా నాలుగోది. వరస ఒకటో తీగ నుంచి. మొత్తం 12 నుంచి 15 మిల్లీసెకన్లు. వెలాసిటీ (నోట్ ఎంత గట్టిగా పలకాలో చెప్పే అంకె) డౌన్ స్ట్రోక్‌లో ముప్పాతిక వంతుకి మించకూడదు. డౌన్‌లు కూడా అన్నీ ఒకటి కావు. ఒకటో బీట్‌లో లావు తీగల బరువు ఉండాలి, రెండు, నాలుగు బీట్లలో నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా మాత్రమే, కాస్త గట్టిగా. ఒకటో బీట్‌లో 78 నుంచి 90 మధ్య ఇచ్చి, రెండో బీట్‌లో సన్న తీగలకి 95 దాకా పోండి. కొన్ని లైబ్రరీల్లో వెలాసిటీ ఒక హద్దు దాటితే స్లైడ్ లాంటి వేరే శాంపిల్ పలుకుతుంది, మీ దాంట్లో ఆ హద్దు ఎక్కడో ఒక్కో నోట్ కొట్టి కనుక్కోండి.

ఇక నోట్ ముగింపు. ఎక్కువమంది గమనించనిదీ, స్ట్రమ్మింగ్‌ని అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేదీ ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు నిలబడదాం. పియానో రోల్‌లో (నోట్లని అడ్డగీతలుగా చూపే కిటికీలో) ఆరు నోట్లు కనిపిస్తే అది ఒక కార్డ్ అనుకుంటాం, అన్నిటినీ ఒకేచోట ముగించేస్తాం. గిటార్‌లో కార్డ్ అనే వస్తువు లేదు, ఆరు తీగలున్నాయి. ఒక్కో తీగకి ఒక్కో ఆయుష్షు. ఒక తీగ మీద ఒక్కసారి ఒక్క నోటే పలుకుతుంది, మళ్ళీ దాన్ని మీటేదాకానో, వేలు ఎత్తేదాకానో, అరచెయ్యి ఆపేదాకానో మోగుతుంది.

జీ నుంచి సీకి మారేచోట పెట్టి చూడండి. సీ ఓపెన్ కార్డ్ అయిదో తీగ నుంచి 48, 52, 55, 60, 64. అయిదో తీగ మీద 47 మోగుతుండగా 48 వచ్చింది. 47ని ఆపకపోతే పక్కపక్క అరస్వరాలు రెండూ కింద కొట్టుకుంటాయి, మిక్స్‌లో బురదలా వినిపిస్తుంది. మీలో ముగ్గురు దాన్ని ఈక్యూతో (శబ్దంలో కింది, పై స్థాయిలని పెంచి తగ్గించే పరికరంతో) కడగాలని చూశారు. ఈక్యూతో పోదు. రెండో తీగలో 59, 60 దగ్గరా ఇదే గొడవ. ఆరో తీగ సీలో లేదు, కాబట్టి 43ని మీటే కొత్త నోటే రాదు, దాన్ని మీ చేత్తో ముగించాలి. ఒకటో తీగ 67 ముగిశాకే 64 రావాలి.

మూడో తీగది వేరే కథ. జీలోనూ 55, సీలోనూ 55. పాత 55 కొత్త 55 మీదికి ఒక్క టిక్ జరిగి ఉన్నా చాలు. 1983 నాటి మిడి 1.0లో నోట్ ఆఫ్ సందేశానికి ఏ దెబ్బని ఆపమంటున్నామో చెప్పే దారి లేదు, ఏ ఛానెల్‌లో ఏ నంబరో మాత్రమే చెబుతుంది. ముందు కొత్త 55 మొదలవుతుంది, ఆ వెంటనే పాతదాని ఆఫ్ వస్తుంది, చాలా శాంప్లర్లు (శాంపిళ్ళని పలికించే సాఫ్ట్‌వేర్లు) కొత్త నోట్‌ని ఆపేస్తాయి. స్క్రీన్ మీద నోట్ నిక్షేపంగా ఉంటుంది, చెవికి వినపడదు. ‘అప్పుడప్పుడు ఒక తీగ మాయమవుతోంది’ అని రాసినవాళ్ళందరి ఫైళ్ళలో దొరికింది ఇదే. పాత నోట్‌ని కొత్తదానికి 3 టిక్‌ల ముందు ముగించండి, దాదాపు 2 మిల్లీసెకన్లు. అంతకంటే ఎక్కువ ఖాళీ ఇస్తే తీగ ఆగిన చప్పుడు మధ్యలో ‘టుక్’ మని దూరుతుంది.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. అప్ స్ట్రోక్ రాగానే ఆరు తీగలనీ ఆపేయడం. అప్ స్ట్రోక్ తాకింది మూడు తీగలనే కదా, ఒకటో బీట్‌లో మీటిన 43, 47 కార్డ్ మారేదాకా మోగుతూ ఉండాలి. గిటార్ వెనక నిండుగా వినిపించే ఆ ఝుంకారం ఇదే. రివెర్బ్‌తో (కలిపే ప్రతిధ్వనితో) అది రాదు.

నా పద్ధతి, తీగకో మిడి ఛానెల్. ఒకటో తీగ ఒకటో ఛానెల్, ఆరో తీగ ఆరో ఛానెల్. గిటార్‌కి తగిలించే మిడి పికప్‌లు కూడా తీగలని ఇలా విడదీసి పంపగలవు. నోట్లకి ఛానెల్‌ని బట్టి రంగు వేయించుకుంటే, ఒకే రంగు నోట్లు రెండు ఒకదాని మీదికి ఒకటి జరిగాయంటే తప్పు కంటికే తెలుస్తుంది. మీ లైబ్రరీ అన్ని ఛానెళ్ళనీ తీసుకునేలా ఉందో లేదో ముందు చూసుకోండి.

మిగతావి త్వరగా. హ్యూమనైజ్ బటన్ నొక్కకండి. తీగల మధ్య ఎడం 4 నుంచి 8 మిల్లీసెకన్లుంటే, ఆ బటన్ ఒక్కో నోట్‌ని 10 మిల్లీసెకన్లు అటూ ఇటూ విసిరేస్తుంది, ఆరో తీగ తర్వాత నాలుగోది, ఆ తర్వాత అయిదోది పలుకుతుంది. ఏ చెయ్యీ అలా కొట్టలేదు. స్ట్రోక్ మొత్తాన్ని గుంపుగా పట్టుకుని 3 నుంచి 5 మిల్లీసెకన్లు జరపండి, ఒక్కో స్ట్రోక్ వెడల్పు మార్చండి. క్వాంటైజ్ (నోట్లని గీతల మీదికి లాగడం) చెయ్యాలంటే ఎడాలు పెట్టకముందే చెయ్యండి. ఎఫ్ఎల్‌లో ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే వచ్చే స్ట్రమ్ పరికరం, లైవ్ 12లోని స్ట్రమ్ పరికరం మొదటి చిత్తుకి బాగా పనికొస్తాయి, ఆ తర్వాత చేత్తో సరిచెయ్యాలి. మ్యూట్‌కో, వేరే వాయింపుకో కీస్విచ్ (వాయింపు పద్ధతిని మార్చే నోట్) వాడితే దాన్ని గీత మీద పెట్టకండి. అప్పటికే మూడు లావు తీగలు పలికేసి ఉంటాయి. గీతకి 60 టిక్‌లు ముందు పెట్టండి.

ఒక్క చిన్న మెరుగు, ఫలితం మాత్రం పెద్దది. కార్డ్ మారేముందు నాలుగున్నరలో వచ్చే ఆఖరి అప్ స్ట్రోక్ దగ్గర ఎడమచేతి వేళ్ళు అప్పటికే లేచిపోతుంటాయి. అక్కడ జీ కార్డ్ 67 బదులు ఖాళీ తీగ 64 వెయ్యండి, పక్కన 59, 55 ఎలాగూ ఖాళీ తీగలే. వెలాసిటీ 50 దగ్గర. కార్డుకి అతకదేమోనని భయపడకండి, 300 మిల్లీసెకన్లలో సీ వచ్చి కలుపుకుంటుంది. అందుకే ఆ స్ట్రోక్‌ని గీతకి కాస్త ఆలస్యంగా, రెండు బీట్ల నడిమి దాటాక వేసినా బాగుంటుంది.

అభ్యాసం. 100 టెంపోలో ఎనిమిది బార్లు. జీ, సీ, ఈ మైనర్, డీ, ఒక్కోటి రెండు బార్లు. పైన చెప్పిన వరసే, బార్‌కి ఆరు దెబ్బలు, మొత్తం 48. ఈ మైనర్ 40, 47, 52, 55, 59, 64. డీకి నాలుగు తీగలే, 50, 57, 62, 66. కాపీ పేస్ట్ వద్దు, 48 దెబ్బలూ విడిగా రాయాలి. ఒక సాయంత్రం పూర్తిగా పడుతుంది.

దానికి ముందు ఒక పని. బెసంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌లోనో, మీ వీధిలోనో ఎవరైనా గిటార్ వాయిస్తుంటే అడిగి, వాళ్ళ కుడిచేతిని ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అర నిమిషం తియ్యండి. ఒక్కో ఫ్రేమ్ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. పిక్ మొదటి తీగని వదిలిన ఫ్రేమ్ నుంచి ఆ దెబ్బలో ఆఖరి తీగని వదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి, పది డౌన్‌లకీ పది అప్‌లకీ. మీ ఫైల్లో స్ట్రోక్ వెడల్పులకి నా 30 బదులు ఆ అంకెలే వాడండి. ఫైల్‌తో పాటు ఆ ఇరవై అంకెలూ పంపండి.