కారు కరెంటు పాఠాలు – 4: మీటరులో 12.6, సెల్ఫ్‌లో చలనం లేదు

రాత్రంతా ఆగి ఉన్న కారులో బ్యాటరీ ఓల్టేజీ చూడటం గత పాఠంలో నేర్చుకున్నాం. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మీటరు 12.6 చూపిస్తోంది, తాళం తిప్పితే మాత్రం ‘టక్’ అని ఒక్క చప్పుడు, అంతే. చాలామంది కొత్త బ్యాటరీ కొనేది ఇక్కడే. దయచేసి కాసేపు ఆగండి.

టకటకమని వరుసగా కొట్టుకుంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే. ఒక్కసారే టక్‌మంటే సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) కదిలింది కానీ మోటారు తిరగలేదు. చిన్న కారులోనైనా సెల్ఫ్ మోటారు నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. 150 ఆంపియర్లు పారేటప్పుడు దారిలో 0.02 ఓముల నిరోధం ఉన్నా 3 ఓల్టులు అక్కడే హరించుకుపోతాయి. కరెంటు పారనప్పుడు ఆ నష్టం మీటరుకు కనిపించదు. అందుకే సెల్ఫ్ కొడుతుండగానే కొలవాలి. ఈ పాఠంలో ఇంకేది మరిచినా ఇది మరవకండి.

తాళం తిప్పడానికి ఒకరిని తోడు పెట్టుకోండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయండి. మీటరును 20 ఓల్టుల డీసీకి తిప్పండి. ఎర్ర తీగ మొనను బ్యాటరీ ప్లస్ సీసపు దిమ్మె మీదే ఆనించండి, దాన్ని పట్టుకుని ఉండే కేబుల్ క్లాంపు మీద కాదు. నల్ల తీగను సెల్ఫ్ మోటారు దగ్గర బ్యాటరీ కేబుల్ వచ్చి చేరే బోల్టుకు తాకించండి. మూడు నాలుగు సెకండ్లు సెల్ఫ్ కొట్టించండి. 0.5 ఓల్టు దాటకూడదు. తర్వాత నల్ల తీగ మైనస్ దిమ్మెకు, ఎర్ర తీగ ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. ఇక్కడ 0.3 దాటితే ఎర్త్, అంటే ఇంజిన్ నుంచి మైనస్‌కు కరెంటు తిరిగొచ్చే దారి, బాగాలేదు.

మా పొరుగింటి కారుకు కొత్త బ్యాటరీ వేసి రెండు నెలలే అయింది. దిమ్మెకూ క్లాంపుకూ మధ్యే 4 ఓల్టులు చూపించింది. పైకి అంతా శుభ్రంగానే ఉంది, క్లాంపు కదలడం లేదు. విప్పి చూస్తే లోపలి అంచంతా కాలిన కాగితంలా నల్లటి పొర. ఎమరీ పేపరుతో సీసం మెరిసేదాకా రుద్ది బిగించాం. మొదటి తిప్పుకే ఇంజిన్ అందుకుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. లేకపోతే ప్లస్ మీద ఉన్న స్పానరు బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే.

రెండు కొలతలూ సరిగ్గా ఉంటే సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ దిమ్మెల మధ్య కూడా చూడండి. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీది తప్పు. జారకపోతే లోపం సెల్ఫ్ మోటారులోనే వెతకాలి. దాన్ని వచ్చే పాఠంలో విప్పుదాం.

ఈలోగా బాగా నడుస్తున్న మీ కారులోనే ఈ మూడు కొలతలూ తీయండి. ఇంజిన్ అందుకోకుండా ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి పెట్టుకోండి. వచ్చిన అంకెలను నోటు పుస్తకంలో రాసి ఉంచండి, వాటితోనే ఐదో పాఠం మొదలవుతుంది.