మావోరీ యుద్ధ పడవని చూడటం ఎలా

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ మ్యూజియం గ్రౌండ్ ఫ్లోర్‌లో మావోరీ హాల్ ఉంది కదా (మావోరీలంటే ఈ దేశపు మూలవాసులు), అందులో పొడవాటి యుద్ధ పడవ ఒకటి ఉంటుంది, పేరు తె తోకి ఆ తాపిరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు మనవాళ్లు చేసేదేంటంటే, దాని ముక్కు దగ్గర నిలబెట్టి రెండు ఫొటోలు తీసి, "పదండి, పైన అగ్నిపర్వతాల సెక్షన్ ఉంది" అని లాక్కుపోవడం. అది చూడటం కాదు. ఒక అరగంట పెట్టుకోండి, నేను చెప్పే వరసలో చూడండి.

ముక్కు దగ్గర మొదలుపెట్టొద్దు. అందరి కళ్లూ ఆ చెక్కుడు మీదే పడతాయి, కానీ పడవని పడవగా నిలబెట్టింది అది కాదు. పక్కకి వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడవండి. 25 మీటర్లు. వందమంది పట్టే పడవ ఇది. 1836 ప్రాంతంలో, నార్త్ ఐలండ్ తూర్పు తీరాన వైరోవా దగ్గర, న్గాతి కహుంగును తెగవాళ్లు టోటరా చెట్టు దుంగతో చేయించుకున్నారు. దుంగని తొలిచి చేసిన అడుగుభాగం మన కొల్లేటి తాటిదోనె లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ కథ అక్కడితో ఆగదు.

ఇప్పుడు కాస్త వంగి చూడండి. అడుగు దుంగ అంచు మీద ఇంకో పొడవాటి పలక నిలబెట్టి ఉంటుంది, దాన్ని రౌవావా అంటారు. ఇలాంటి పడవల్లో రెండింటికీ వరసగా చిల్లులు పెట్టి, అక్కడి హరకెకె మొక్క నారతో పేనిన తాడుని ఆ చిల్లుల్లోంచి దూర్చి బిగించి కడతారు. ఇనుప మేకు అవసరమే లేదు. సందులోంచి నీళ్లు రాకుండా రౌపో అనే రెల్లు జాతి మొక్క దూదిని కూరి, పైన సన్నటి బద్ద అడ్డం పెట్టి, దాన్నీ కలిపి కట్టేస్తారు. ఆ కట్ల కింద తెల్లటి ఈకలు దోపుతారు. దూరం నుంచి అవి చుక్కల డిజైన్‌లా కనిపిస్తాయి, దగ్గరికొస్తే ఒక్కో ఈకా ఒక్కో కట్టు దగ్గర ఉందని తెలుస్తుంది. నన్నడిగితే మొత్తం పడవలో ఎక్కువసేపు చూడాల్సింది ఈ అతుకునే.

ఇది అర్థమయ్యాక ముక్కు దగ్గరికి వెళ్లండి. ముక్కు (తౌయిహు), వెనక నిలువుగా లేచిన తోక (తౌరపా) రెండూ విడిగా చెక్కి తెచ్చి కట్టినవే, కావాలంటే విప్పి దాచుకోవచ్చు కూడా. ముక్కు మీద అవతలికి కనిపించేలా తొలిచి చెక్కిన పెద్ద సుడులు, వాటికి ముందు చేతులు వెనక్కి చాపి నాలుక బయటపెట్టిన మనిషి బొమ్మ ఉంటే అది యుద్ధ పడవల్లో బాగా కనిపించే రకం. చెక్కుడు తక్కువగా ఉండి చివర ఒక తల మాత్రమే ఉంటే అది మామూలు రాకపోకలకీ చేపలకీ వాడే పడవ అయ్యుండొచ్చు. మీ పిల్లలకి ఈ ఒక్క తేడా చెప్పి వదిలేయండి, మిగతా పడవల్ని వాళ్లే పోల్చుకుంటారు.

పక్కన ఇంకో దుంగ కట్టి ఉండదేంటి, బోల్తా పడదా అని నాన్నగారు అడుగుతారు, రెడీగా ఉండండి. పసిఫిక్‌లో చాలా దీవుల్లో అలా కడతారు. ఫిజీ వాళ్లు ద్రువా అనే పడవలో అయితే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు పడవలు జోడించి ఉంటాయి. చుట్టాలు ఫిజీలో ఉంటే రాజధాని సువా మ్యూజియంలో 1913లో కట్టిన రాతు ఫినౌ అనే ద్రువాని చూసి రమ్మనండి. న్యూజిలాండ్‌లో మాత్రం టోటరా, కౌరి మానులు అంత లావుగా దొరికేవి కాబట్టి ఒక్క దుంగతోనే కావలసినంత వెడల్పు వచ్చేసింది.

ఈ పడవ మ్యూజియందాకా ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1863లో బ్రిటిష్ వలస ప్రభుత్వానికీ మావోరీలకీ మధ్య వైకాటో యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వ సేనలు ఆక్లండ్ పక్కనున్న మనుకౌ రేవు చుట్టుపక్కల మావోరీల పడవల్ని లాక్కున్నాయి, ఇదీ అలా పోయిందే. కాబట్టి ఇంకా దానికి సొంతవాళ్లున్నారని గుర్తుంచుకుని మసలండి. చేత్తో తాకొద్దు, దాని మీదకి వాలి సెల్ఫీలొద్దు, తినేవి దగ్గరికి తీసుకెళ్లొద్దు. మావోరీల పద్ధతిలో పవిత్రమైన వాటి దగ్గర తిండి పనికిరాదు, పిల్లాడి చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే ముందే బ్యాగులో పెట్టించండి.

నీళ్ల మీద నడిచే పడవ కావాలంటే ఫిబ్రవరి 6న, వైతాంగి డే రోజు, నార్త్ ఐలండ్ ఉత్తరాన ఉన్న వైతాంగి వెళ్లాలి. అక్కడిది న్గాతోకిమతఫావోరువా, 35 మీటర్ల పైమాట. 1840లో బ్రిటిష్ వాళ్లకీ మావోరీ పెద్దలకీ అక్కడ కుదిరిన ఒప్పందానికి వందేళ్లయిన సందర్భంగా, మావోరీ నాయకురాలు తె పుయా హేరంగి పూనుకుని, మూడు కౌరి చెట్లతో 1940కల్లా చేయించారు. పొడిగా ఉంటే 6 టన్నులు, నీళ్లు పీల్చుకుంటే 12, అందుకే కనీసం 76 మంది తెడ్డు వేస్తేగానీ అది మాట వినదు. ఆ రోజు కారు పార్కింగ్ పెద్ద టెన్షన్, ముందురోజే పక్క ఊరు పైహియాలో రూమ్ తీసుకుని పొద్దున్నే నడిచి వెళ్లిపోండి. సెలవు దొరక్కపోతే వేరే రోజైనా పర్వాలేదు, ఒడ్డు దగ్గరి షెడ్డులో ఉంటుంది, అక్కడ కూడా ముందు పక్క అతుకు చూసి, ఆ తర్వాతే ముక్కు దగ్గరికి వెళ్లండి.