వానాకాలం ముందు రైతుల వాట్సాప్ గ్రూపు పెడుతున్నారా? ముందే ఈ జాగ్రత్తలు తీసుకోండి

రోహిణి ఎండలు ముదిరేసరికి ఊళ్లో దుక్కులతో పాటు కొత్త వాట్సాప్ గ్రూపులు కూడా మొదలవుతాయి. ఏ పత్తి గింజ వేయాలి, మిర్చి నారు ఎక్కడ బాగుంది అని అడగడానికి ఒక చోటు కావాలి కదా. మంచి ఆలోచనే. గ్రూపు పెట్టడం రెండు నిమిషాల పని. దాన్ని పంట ఇంటికొచ్చేదాకా పనికొచ్చేలా నిలబెట్టడమే కష్టం. ఖమ్మం జిల్లాలో మా చుట్టుపక్కల పత్తి, మిర్చి రైతుల గ్రూపును నాలుగేళ్లుగా చూసుకుంటున్నాను. ఇలాంటి గ్రూపులో తప్పు సలహా పడితే అది ఫోన్‌లోనే ఆగదు, చేలోకి పోతుంది. ముందు ఆ భయం మనకు ఉండాలి.

మొదటి ఏడాది జరిగింది చెబుతాను. ఒక తమ్ముడు పత్తి ఆకు ఫోటో పెట్టాడు. ఆకు బెండాకులా వేళ్లు వేళ్లుగా చీలి, చివర్లు సాగి ఉంది. పావుగంటలో పద్నాలుగు జవాబులు వచ్చాయి. ఒకరు వైరస్ అన్నారు, ఒకరు తెల్లదోమ అన్నారు, ఇంకొకరు జింక్ లోపం అన్నారు. పాపం అతను రెండు రకాల మందులు కొట్టాడు. మూడో రోజు మా ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) చేలోకి వచ్చి, ఆకు పట్టుకుని చూసి, “ఏ పంపుతో కొట్టావు?” అని అడిగారు. వరిలో కలుపుకి 2,4-డి కొట్టిన పంపునే ఒక్కసారి నీళ్లతో కడిగి పత్తికి వాడాడట. ఆ మందు గాలికి కొద్దిగా వచ్చి తగిలినా పత్తి ఆకు అలా తిరిగిపోతుంది. చేలో పురుగూ లేదు, తెగులూ లేదు. మందుల డబ్బు, కూలి డబ్బు దండగైపోయాయి. పద్నాలుగు మందిలో ఒక్కరం కూడా అతన్ని తిరిగి ఒక ప్రశ్న అడగలేదు. అందులో నేనూ ఉన్నాను.

అందుకే గ్రూపు తెరిచిన రోజే ఈ పద్ధతి పెట్టండి. ఫోటో పెట్టేవాళ్లు పంట ఏ రకం, వేసి ఎన్ని రోజులైంది, చివరిగా ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఏ పంపుతో కొట్టారు అన్నది కలిపి చెప్పాలి. చేను మొత్తం కనిపించేలా ఒక ఫోటో, ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి తీయాలి. తెల్లదోమ, తామర పురుగు ఆకు అడుగునే కదా దాక్కునేది. ఇవి లేకుండా ఫోటో వస్తే ఎవరూ మందు పేరు చెప్పకూడదు, ముందు వివరాలే అడగాలి. టైప్ చేయలేనివాళ్లు వాయిస్ మెసేజ్ పెడతారు, వద్దనకండి. అయితే జవాబు తేలాక దాన్ని ఎవరో ఒకరు రెండు ముక్కల్లో రాసి పెట్టాలి. వాయిస్‌లో చెప్పింది నెల తర్వాత వెతికితే దొరకదు.

మందు మోతాదు విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. “ట్యాంకుకు ఇంత” అన్న మాట గ్రూపులో కనబడకూడదు. ఒకరి పంపు పది లీటర్లది, ఒకరిది పదహారు, తైవాన్ పంపు ఇరవై దాటుతుంది. ఎకరానికి ఎంత, ఎన్ని లీటర్ల నీళ్లలో అని చెప్పాలి, డబ్బా మీది లేబుల్ ఫోటో జత చేయాలి. 2021లో మిర్చి పూతలోకి నల్ల తామర పురుగు దిగినప్పుడు అందరికీ టెన్షనే. అది కొట్టు, ఇది కలుపు అని ఫార్వర్డ్‌లు రాత్రీ పగలూ వచ్చాయి. నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపినవాళ్లను నేను చూశాను. చేలో నీలి రంగు జిగురు అట్టలు పెట్టండన్న మంచి మాట ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. అలాంటి రోజుల్లో మాత్రం గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, వ్యవసాయాధికారి చెప్పిందే పెట్టండి. అధికారి అందకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఎంతమందితో మొదలుపెట్టాలి? వాట్సాప్ 1,024 మంది దాకా ఒప్పుకుంటుంది. మీరు మాత్రం పాతిక ముప్ఫై మందితో మొదలుపెట్టండి, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లై ఉండాలి. మొదటి పదిహేను రోజులు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక జవాబు వెళ్లాలి. “రేపు కనుక్కుని చెబుతాను” అన్నా చాలు. జవాబు రాని మనిషి మళ్లీ అడగడు. ఏఈఓను చేర్చే ముందు కలిసి మాట్లాడండి. ఒక్కో ఏఈఓ కింద దాదాపు ఐదు వేల ఎకరాలు ఉంటాయి, రోజంతా మన ఫోటోలు చూస్తూ కూర్చోలేరు. సాయంత్రం ఒక అరగంట చాలని అడగండి, ఆలోపు ప్రశ్నలు మీరు పోగుచేసి పెట్టండి.

అడ్మిన్లలో ఒక్క ఆడమనిషైనా ఉండాలి. కలుపు తీసేది, మిర్చి కోసేది ఎక్కువగా వాళ్లే, పురుగును ముందు చూసేదీ వాళ్లే. గ్రూపులో చేరితే నంబరు అందరికీ కనబడుతుంది. మా గ్రూపులో ఒక అక్కకు రాత్రి పది తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఆమె మాకు చెప్పకుండానే గ్రూపు నుంచి వెళ్లిపోయింది, మాకు తెలిసేసరికి రెండు నెలలైంది. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంది. అడగకుండా ఎవరినీ చేర్చకండి, లింకు బయట పెట్టకండి. పని లేకుండా ఆడవాళ్లకు ఫోన్ చేసినవాణ్ని ఆ రోజే తీసేయండి. వాడు మీ బంధువైనా సరే.

మోసాల సంగతి. పీఎం కిసాన్ డబ్బులు పడాలంటే ఇది నొక్కండి అంటూ ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తుంది. నొక్కినవాళ్ల ఫోన్ మోసగాళ్ల చేతికి పోతుంది, అదే ఫైల్ వాళ్ల పేరుతోనే అన్ని గ్రూపులకూ వెళ్తుంది. తెలిసినవాళ్ల పేరుతో వచ్చింది కదా అని మనమూ నొక్కుతాం. అలాంటిది కనబడగానే డిలీట్ చేసి, ఆ మనిషిని అప్పటికి గ్రూపు నుంచి తీసేసి, ఫోన్ చేసి చెప్పండి. మెసేజ్ పెడితే లాభం లేదు, ఆ ఫోన్ ఇప్పుడు అతని చేతిలో లేనట్టే. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు గ్రూపులో అసలు ఉండకూడదు.

గడ్డి మందు తట్టుకునే పత్తి విత్తనాలున్నాయని లూజు ప్యాకెట్ల ఫోటో పెట్టేవాళ్లు మే నెలలోనే బయలుదేరతారు. ఆ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. మొలక రాకపోతే అడగడానికి బిల్లూ ఉండదు, లాట్ నంబరూ ఉండదు. మందుల షాపు అన్నలు గ్రూపులో ఉండొచ్చు, పేరు పక్కన షాపు పేరు పెట్టుకోవాలి. మార్కెట్ ధర చెప్పేవాళ్లు తక్‌పట్టీ (పంట అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చే చీటీ) ఫోటో పెట్టాలి. రాజకీయాలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దని మొదటి రోజే చెప్పండి, తర్వాత చెబితే కోపాలొస్తాయి.

ఇంకొక్కటి. ఊళ్లో స్మార్ట్‌ఫోన్ లేని రైతులు ఇంకా ఉన్నారు. వారానికోసారి గ్రూపులో తేలిన జవాబులను ఒక నోటుబుక్కులో రాసి రైతు వేదికలో పెట్టండి. మాది రెండు వందల పేజీల పుస్తకం, తాడుతో కిటికీకి కట్టి ఉంటుంది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసింది ఒక్కటే: కలుపు మందు కొట్టిన పంపు పత్తికి వాడవద్దు.