పోక్సో కేసు ఆసుపత్రికి వస్తే ఎవరి పని ఏమిటి

లైంగిక దాడికి గురైన బిడ్డను ఆసుపత్రికి తెస్తే ఆశా అడుగుతుంది, నర్సు అడుగుతుంది, డాక్టరు, పోలీసు, చివరికి కౌన్సిలరూ అడుగుతారు. అయిదోసారికి మాట తడబడుతుంది, లేదా బిడ్డ నోరే విప్పదు. ఆ తడబాటునే కోర్టులో ఎదుటి లాయరు పట్టుకుంటాడు.

అందుకే మొదట విన్నవాళ్లు గుచ్చి గుచ్చి అడగకండి. బిడ్డ అన్నది అన్నట్టే, టైము వేసి రాసి డాక్టరు చేతికివ్వండి. "మామ ఉచ్చ పోసేకాడ గిచ్చిండు" అంటే అదే రాయాలి. "లైంగిక వేధింపు" అని దిద్దితే సాక్ష్యం పలచబడుతుంది.

పోలీసులకో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో వెంటనే చెప్పండి. ఇంకొకరు చెప్పే ఉంటారులే అనుకోవద్దు. తెలిసీ చెప్పకపోతే పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు.

వైద్యానికి ఎఫ్ఐఆర్ అడగకూడదు. 2020 పోక్సో నిబంధనలు ఏ కాగితమూ లేకుండానే చికిత్స మొదలుపెట్టమంటున్నాయి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే పడాలి, ఎంత ముందైతే అంత మంచిది. స్టేషన్ కబురు కోసం కూర్చుంటే ఆ గడువు చేజారుతుంది. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి; అమ్మో, బిడ్డ నమ్మే మనిషో పక్కనుండాలి. వెంట వచ్చినవాడి మీదే అనుమానముంటే, అడ్రసు రాయాలని చెప్పి సోషల్ వర్కరు అతన్ని బయటికి తీసుకెళ్లాలి. అప్పుడు ఆసుపత్రి అధికారి నియమించిన మహిళ లోపలుంటుంది.

బట్టలు తడిగా ఉంటే నీడన ఆరబెట్టి, ఒక్కోటీ వేరే కాగితం కవర్లో సీలు వేయండి. ప్లాస్టిక్‌లో చెమ్మకు బూజు పట్టి ల్యాబులో ఏమీ తేలదు.

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. నిందితుడు ఆ ఇంట్లోవాడే అయితే, డిశ్చార్జికి ముందే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి డాక్టరే ఫోన్ చేయడం మేలు. బిడ్డను ఇంట్లో ఉంచాలా వద్దా అన్నది సమితి మూడు రోజుల్లో తేల్చాలి. తోడుగా సపోర్ట్ పర్సన్‌నూ సమితే ఇస్తుంది.

హెచ్ఐవీ మందులు 28 రోజులు వాడాలి. మధ్యలో ఆగిపోయేది ఇక్కడే. మందులు ఎవరు అందిస్తారో, మళ్లీ పరీక్షకు ఎవరు తీసుకొస్తారో ఫోన్ నంబరుతో డిశ్చార్జి కాగితంలోనే రాయండి. బిడ్డ పేరు మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి.