ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ కరెంటు దెబ్బకు పోకుండా చూసుకోవడం ఎలా?

మా ఇంట్లో పెళ్లి వీడియోలు హార్డ్ డిస్క్‌లోకి కాపీ అవుతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. ఫ్యాన్లు ఆగలేదు కానీ కంప్యూటర్ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగింది. ఆ తర్వాత డిస్క్ పెడితే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడగడం మొదలెట్టింది. డిస్క్‌కు ఏమీ కాలేదు, లోపలి ఫైళ్ల లెక్క చెదిరిపోయిందంతే. ఆ టెన్షన్ మీకు రాకూడదంటే ఇలా చేయండి.

1. మీది ఏ రకమో చూడండి

జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్క్ యూఎస్‌బీ కేబుల్ నుంచే 5 వోల్టులు తీసుకుంటుంది. పెద్దది, అంటే 3.5 అంగుళాలది, విడిగా 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తుంది. రెండింటికీ వచ్చే జబ్బులు వేరు.

2. పెద్ద డిస్క్ అయితే అడాప్టర్ మీద పేరు రాయండి

నవ్వకండి, డిస్క్‌లను చంపేవాటిలో ఇదొకటి. చాలా ల్యాప్‌టాప్ అడాప్టర్లు 19 వోల్టులవి. వాటిలో కొన్నింటి పిన్ను హార్డ్ డిస్క్‌లోకి చక్కగా దూరిపోతుంది. దూరితే డిస్క్ లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోవచ్చు. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ 12 వోల్టులదే అయినా ఆంపియర్లు తక్కువ ఉండొచ్చు, అప్పుడు మోటారు సరిగా తిరగదు. కొత్త అడాప్టర్ కొంటే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లస్ మైనస్ గుర్తు కూడా కలవాలి. ఒక స్టిక్కర్ అంటించి "హార్డ్ డిస్క్" అని రాస్తే ఇంట్లో ఎవరూ తికమకపడరు.

3. చిన్న డిస్క్ అయితే కేబుల్‌ను అనుమానించండి

యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. అది అందకపోతే డిస్క్ టిక్ టిక్‌మంటూ కనపడుతుంది, మాయమవుతుంది. డిస్క్ పోయిందని కంగారుపడే ముందు వేరే కేబుల్, వేరే పోర్టు మార్చి చూడండి. డెస్క్‌టాప్‌లో ముందువైపు కాకుండా వెనక పోర్టు వాడండి. సొంత అడాప్టర్ లేని హబ్బులు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వద్దు. కేబుల్ పిన్ను వదులైతే దాన్ని వంచి, కాగితం దోపి నడిపించకండి. కొత్తది కొనండి.

4. కరెంటు పోయే సమయానికి సిద్ధంగా ఉండండి

డిస్క్ లోపల తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, డేటాను చదివే, రాసే హెడ్ తేలుతూ ఉంటుంది. ఉన్నట్టుండి కరెంటు పోతే, ఇంకా తిరుగుతున్న మోటారు పుట్టించే విద్యుత్తుతోనే హెడ్ పక్కకు చేరుకుంటుంది. తెలివైన ఏర్పాటే కానీ, అది అత్యవసరానికి పెట్టింది. రోజూ వాడుకోవడానికి కాదు.

ల్యాప్‌టాప్‌కు పెట్టిన చిన్న డిస్క్‌కు బ్యాటరీయే అండ. మీ బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడుస్తుంటే మాత్రం ఆ అండ లేనట్టే. డెస్క్‌టాప్ వాళ్లు కంప్యూటర్‌నీ డిస్క్ అడాప్టర్‌నీ రెండింటినీ యూపీఎస్‌కు పెట్టాలి, అదీ బ్యాటరీ బ్యాకప్ ఉన్న సాకెట్లలో. ఇన్వర్టర్ మీద నడిపితే దాని వెనక "యూపీఎస్ మోడ్" స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కొన్ని ఇన్వర్టర్లు మారడానికి తీసుకునే క్షణం కంప్యూటర్‌కు చాలా ఎక్కువ. నా కొంప ముంచింది ఆ స్విచ్చే.

స్పైక్ గార్డ్ వోల్టేజ్ ఎగిసినప్పుడు కాస్త అడ్డుపడుతుంది, కరెంటు పోతే చేసేదేమీ లేదు. ఆ పేరుతో అమ్మేవన్నీ స్పైక్ గార్డులు కావు, కొన్ని ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సులే. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి. కరెంటు వచ్చీ పోతూ ఉంటే, అది నిలకడగా ఉందనిపించాకే డిస్క్ పెట్టండి.

5. తీసేటప్పుడు ఎజెక్ట్ నొక్కండి

విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి "క్విక్ రిమూవల్" (ఎజెక్ట్ నొక్కకుండానే తీసేయొచ్చనే ఏర్పాటు) మామూలు సెట్టింగ్ అయింది కాబట్టి ఇక ఎజెక్ట్ అక్కర్లేదని కొందరు అంటారు. కానీ ఏదో ప్రోగ్రామ్ వెనకాల డిస్క్‌లోకి రాస్తూనే ఉండొచ్చు. ఎజెక్ట్ చేసి, మోటారు చప్పుడు ఆగాక తీయండి. తిరుగుతున్నప్పుడు చోటు మార్చకండి.

6. ఎండాకాలం, మేడ మీద గది

చాలా డిస్క్‌లకు కంపెనీ చెప్పే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. మే నెలలో మన మధ్యాహ్నాలు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. పెద్ద కాపీలు రాత్రికి పెట్టుకోండి. పరుపు మీద, సెట్‌టాప్ బాక్స్ మీద డిస్క్ పెట్టకండి.

7. నెలకోసారి ఆరోగ్యం చూడండి

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. "రీఅలకేటెడ్ సెక్టార్స్ కౌంట్" (పాడై పక్కన పెట్టిన చోట్లు), "కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్" (పాడయ్యాయేమోనని అనుమానమున్న చోట్లు) అనే రెండు వరుసలు చూస్తే చాలు. (ఈ కరెంట్ మన కరెంటు కాదు, "ప్రస్తుతం" అని.) వాటి ఎదురుగా ఉన్న రా వాల్యూ సున్నా కాకపోతే, ముఖ్యంగా వారం వారం పెరుగుతుంటే, ముందు ఫైళ్లు వేరేచోటికి కాపీ చేయండి. ఎర్రర్లు సరిచేద్దామని చెక్‌డిస్క్ (విండోస్‌లోనే ఉండే మరమ్మతు ప్రోగ్రామ్) నడపడం ఆ తర్వాతే, పాడవుతున్న డిస్క్‌ను అది ఇంకా అలసిపోయేలా చేస్తుంది.

కేబుల్ మార్చినా టిక్ టిక్ ఆగకపోతే వెంటనే తీసేయండి. మళ్లీ మళ్లీ పెట్టి చూడటం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి వద్దు.

ఇంకొక డిస్క్‌లో రెండో కాపీ ఉంచుకోండి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టి వదిలేస్తే ఒక్క పిడుగుకే రెండూ పోవచ్చు. మా రెండో డిస్క్ ఇప్పుడు బీరువాలో, పెళ్లి పట్టుచీరల పక్కన ఉంటోంది.