డ్రైవర్ ఏ దారి పడతాడు? సగటు ఒక్కటే చాలదు

దారి ఎంపికను మోడల్ చేసేటప్పుడు చాలామంది సగటు ప్రయాణ సమయం ఒక్కటే పెట్టేస్తారు. లెక్క తప్పేది అక్కడే. మొదటి దారికి సగటు 20 నిమిషాలు, ప్రామాణిక విచలనం (సమయం సగటుకు ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) 8. రెండోదానికి 24, విచలనం 2 అనుకుందాం. సగటుకు విచలనంలో 0.8 వంతు కలపండి: 26.4, 25.6. లాజిట్ అంటే తక్కువ సమయం పట్టే దారికి ఎక్కువ వాటా ఇచ్చే సూత్రం. అందులో తీటా (సమయం తేడాకు డ్రైవర్లు ఎంత స్పందిస్తారో చెప్పే సంఖ్య) 0.5 అయితే రెండో దారికి దాదాపు 60 శాతం వాహనాలు వస్తాయి. సగటే చూస్తే 12 శాతమే! ఈ 0.8, 0.5 ఉదాహరణకు పెట్టినవి. మీవి సర్వేతోనో జీపీఎస్ డేటాతోనో అంచనా కట్టుకోవాలి.

వాహనాలు పెరిగితే సమయమూ పెరుగుతుంది. గంటకు వచ్చే వాహనాల ప్రవాహాన్ని రోడ్డు సామర్థ్యంతో భాగించి, నాలుగో ఘాతం చేసి, 0.15తో గుణించి, 1 కలపండి. ఖాళీ రోడ్డు సమయాన్ని దానితో హెచ్చించండి. ప్రవాహం సామర్థ్యానికి సమానమైతే 15 శాతం, ఒకటిన్నర రెట్లయితే 76 శాతం ఎక్కువ. కొత్త సమయాలతో వాహనాలను మళ్లీ పంచండి, కానీ ఎన్నో విడతైతే తేడాలో అన్నో వంతే, అంటే పదో విడతలో పదో వంతే, జరపండి. మొత్తం ఒకేసారి మారిస్తే వాహనాలు ఈ దారికీ ఆ దారికీ ఊగుతూనే ఉంటాయి, లెక్క కుదురుకోదు.

రెండు దారులు ముప్పాతిక దూరం ఒకే రోడ్డు మీద సాగితే? లాజిట్ వాటిని వేర్వేరుగా ఎంచి వాటా ఎక్కువిస్తుంది. పాత్ సైజ్ సవరణ (ఉమ్మడి రోడ్డు ఎక్కువున్న దారుల వాటాను తగ్గించే పదం) కలపండి.