ఇన్‌టేక్ మార్చే ముందు చెన్నై వానలు గుర్తు పెట్టుకోండి

అక్టోబర్ వస్తోంది, ఈశాన్య రుతుపవనాల వానలు దగ్గర్లోనే ఉన్నాయి. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ లాంటి వీ8 (ఎనిమిది సిలిండర్ల) బండికి కొత్త ఎయిర్ ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కి గాలి అందించే గొట్టం, ఫిల్టర్ సెట్, కొనబోతుంటే ముందు ఇవి చూసుకోండి.

- ఫిల్టర్ ఎంత ఎత్తులో ఉంటుంది? బంపర్ వెనక కిందికి దిగే రకమైతే వానకి మునిగే వేళచ్చేరి రోడ్ల నీళ్లు ఇంజిన్‌లోకి ఒక్క గుక్క వెళ్తే చాలు. నీరు గాలిలా అణగదు, పిస్టన్‌ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకండి, టోయింగ్ బండిని పిలవండి.

- ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చడం) అవసరమా? లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కూర్చునే గొట్టం వ్యాసం మారితే ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, గాలి లెక్క తప్పుతుంది. పెట్రోల్ తక్కువైతే ఇంజిన్ నాకింగ్‌కి (పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకా కొట్టుకోవడం) దిగుతుంది. "ట్యూన్ అక్కర్లేదు" అన్న మాట కంపెనీ రాతలోనే ఉండాలి, షాపువాడి నోట కాదు.

- చుట్టూ బాక్స్ ఉందా? మూత లేని ఫిల్టర్ చెన్నై ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది. సౌండ్ అదిరిపోతుంది, ఒప్పుకుంటాను. పవర్ మాత్రం తగ్గుతుంది.

- నూనె పట్టించే ఫిల్టరా? నూనె ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లోపలి సన్న తీగకు అంటుకుంటుంది. నా ఓటు నూనె అక్కర్లేని డ్రై ఫిల్టర్‌కే.

- వారంటీ షరతులు డబ్బు కట్టకముందే చదవండి. బండితో వచ్చిన పాత ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే డబ్బా) పారేయొద్దు.